వెర్సాయ్‌కి ఒక పూట చాలదు

సంపాదకుల వారికి,

నమస్కారాలు. మీ పత్రిక ఆదివారం అనుబంధంలో ఇటీవల ఫ్రాన్సులోని వెర్సాయ్ రాజప్రాసాదం గురించి వచ్చిన యాత్రా వ్యాసాన్ని ఆసక్తిగా చదివాను. రాసినవారి శైలి హాయిగా ఉంది, ఫొటోలు బాగున్నాయి. అయితే అందులోని రెండు మాటలు నన్ను ఈ ఉత్తరం రాయడానికి పురికొల్పాయి. క్యాంపర్ వ్యాను అద్దెకు తీసుకుంటే బసతో పని లేదనీ, ప్యాలెస్ గోడ పక్కనే బండి ఆపుకొని రాత్రి నిద్రపోవచ్చుననీ ఒక చోట ఉంది. ప్యాలెస్ చూడడానికి ఒక పూట చాలుననీ, ఎండగా ఉంటే తోటలు వదిలేసినా నష్టం లేదనీ మరో చోట ఉంది. మొదటి మాట నమ్మి వెళ్లినవారు జరిమానా కట్టవలసి రావచ్చు. రెండో మాట నమ్మినవారు అంత దూరం పోయి సగమే చూసి తిరిగి వస్తారు. నా దృష్టిలో ఈ రెండో నష్టమే పెద్దది.

నేను, నా భార్య, మా కుమారుడు, కోడలు కలిసి జూన్ నెలలో వారం రోజులపాటు క్యాంపర్ వ్యానులో ఆ ప్రాంతమంతా తిరిగాం. నేను నీటిపారుదల శాఖలో ఇంజనీరుగా పనిచేసి విరమించినవాణ్ణి కనుక, రాజుగారి మంచం కన్నా రాజుగారి నీటి గొట్టాల మీద నాకు ఆసక్తి ఎక్కువన్న సంగతి ముందే ఒప్పుకుంటున్నాను. ఈ ఉత్తరం అందువల్ల కొంచెం నీటివైపు వాలితే పాఠకులు మన్నించాలి.

ముందుగా వ్యాను సంగతి. ఫ్రాన్సులో క్యాంపర్ వ్యానును చట్టం మామూలు వాహనంగానే చూస్తుంది. కారు ఆపుకోవడానికి అనుమతి ఉన్న వీధిలో, స్థానిక పురపాలక సంఘం ప్రత్యేకంగా నిషేధిస్తే తప్ప, దాన్నీ ఆపుకోవచ్చు. కానీ ఆపడం వేరు, మకాం వేయడం వేరు. తలుపు ముందు కుర్చీ వేసినా, ఎండకు పందిరి గుడ్డ దించినా, బండి సమంగా నిలవడానికి చక్రాల కింద చెక్కలు పెట్టినా అది మకాం వేయడం కిందికే వస్తుంది. చారిత్రక కట్టడాల పరిసరాల్లోనూ, రక్షిత ప్రదేశాల్లోనూ, సముద్రపు ఒడ్డునా అలా మకాం వేయడం అక్కడి పట్టణ ప్రణాళికా నియమావళి ప్రకారం నిషిద్ధం. వెర్సాయ్ ప్యాలెస్‌ను, ఉద్యానవనాన్ని యునెస్కో 1979లోనే ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. అలాంటి చోట గోడ పక్కన గ్యాసు పొయ్యి వెలిగించుకోవచ్చునని రాయడం పాఠకులను చిక్కుల్లోకి నెట్టడమే.

మేము పట్టణం అంచున, చెట్ల నీడలో ఉన్న ఒక క్యాంపింగ్ స్థలంలో ముందుగా చోటు రిజర్వు చేసుకున్నాం. బండిని అక్కడే ఉంచి రోజూ బస్సులోనో కాలినడకనో ప్యాలెస్‌కు వెళ్లాం. వ్యానులో వెళ్లడమంటే వ్యానును ప్యాలెస్ ద్వారం దాకా తోలుకుపోవడమని మా కుమారుడు కూడా మొదట అనుకున్నాడు. మా బండి ఎత్తు 2.75 మీటర్లు. పట్టణంలో మొదటి కారు పార్కింగ్ ముందు 1.90 మీటర్ల ఎత్తున అడ్డంగా వేలాడుతున్న ఇనుప కమ్మీని చూశాక ఆ ఆలోచన దానంతట అదే పోయింది. వెనుక నిలబడ్డ నాలుగు కార్లను బతిమాలి వెనక్కి పంపి మేము బయటపడడానికి పావుగంట పట్టింది. బండి ఎత్తు ఎంతో డ్రైవరు కళ్లెదుట కాగితం మీద రాసి అంటించుకోవాలని అద్దెకిచ్చినవారు చెప్పలేదు, మాకు తోచనూ లేదు. ఆ సాయంత్రమే అంటించాం.

ఎత్తు వల్ల మరో ఖర్చు కూడా ఉంది. అక్కడి ఎక్స్‌ప్రెస్ రహదారుల్లో టోలు వాహనపు ఎత్తును బట్టి వసూలు చేస్తారు. 2 మీటర్ల లోపు ఉన్నవి మొదటి తరగతి, 2 నుంచి 3 మీటర్ల మధ్య ఉండి బరువు 3.5 టన్నులు దాటనివి రెండో తరగతి. కాబట్టి కారుకు లెక్క కట్టుకొని బయలుదేరినవారికి టోలు గేటు దగ్గర ఆశ్చర్యం తప్పదు. డ్రైవింగుకు మన రవాణా శాఖ కార్యాలయం ఇచ్చే అంతర్జాతీయ పర్మిట్, మన లైసెన్సు రెండూ వెంట ఉండాలి. అక్కడ కుడివైపున నడపాలి. వేరే బోర్డు లేని కూడలిలో కుడివైపు నుంచి వచ్చే బండికి దారి వదలాలన్న నియమం చిన్న ఊళ్లలో ఇంకా గట్టిగా అమలులో ఉంది, మనవాళ్లకు ఇది ఒక పట్టాన అలవాటు కాదు.

బండి లోపలి కాపురం గురించి ఎక్కువ చెప్పను. ఒక్క అనుభవం మాత్రం చెప్పాలి. క్యాంపింగ్ స్థలంలో మాకు ఇచ్చిన కరెంటు కనెక్షన్ 6 ఆంపియర్లది. 230 వోల్టుల మీద అది 1,400 వాట్లకు లోపే. మొదటి ఉదయం మా కోడలు 2,000 వాట్ల కెటిల్ స్విచ్ వేయగానే మాకు కరెంటు పోయింది, తాళం వేసి ఉన్న పెట్టెలోని ఫ్యూజును మళ్లీ వేయడానికి కాపలాదారు వచ్చేసరికి ఎనిమిదయింది. జీవితమంతా ఆంపియర్లూ వాట్లూ లెక్క కట్టిన మామగారు పక్కనే ఉండి కూడా చెప్పలేదేమని ఆమె అడిగితే నా దగ్గర సమాధానం లేదు. గిన్నెలు కడిగిన నీరు, మరుగుదొడ్డి డబ్బా రెండూ అందుకోసం ఏర్పాటు చేసిన చోటనే ఖాళీ చేయాలి. రోడ్డు పక్కన వాల్వు తిప్పేయడం అక్కడ నేరం. అలా తిప్పేసిన బండి ఒకటి కంటపడింది కూడా, కనుక ఈ జబ్బు మన ఒక్కరిదే కాదు.

ఇక ప్యాలెస్. లోపలికి వెళ్లే వేళను ముందే ఎంచుకొని టికెట్టు తీసుకోవాలి. సోమవారం ప్యాలెస్ మూసి ఉంటుంది. ఏటా దాదాపు 80 లక్షల మంది వచ్చే చోటు కాబట్టి, గదుల్లో నడవడం మన చేతుల్లో ఉండదు, జనం ఎటు నెడితే అటే. 1623లో 13వ లూయీ వేట కోసం కట్టుకున్న చిన్న విడిదిని ఆయన కుమారుడు 14వ లూయీ 1661 నుంచి పెంచుకుంటూ పోయి, 1682 మే నెలలో కొలువునూ ప్రభుత్వాన్నీ అక్కడికే తరలించాడు. వాస్తుశిల్పులు లూయీ ల వో, ఆయన తరువాత జూల్ ఆర్డువాఁ మాఁసార్. లోపలి అలంకరణ చిత్రకారుడు షార్ల్ ల బ్రాఁ చేతి మీదుగా సాగింది. మీ వ్యాసకర్త ఇవన్నీ చక్కగా రాశారు, నేను తిరగరాయను.

అయితే అద్దాల మందిరం గురించి ఆయన రాసిన పేరా దగ్గర నాకు అభ్యంతరం ఉంది. 73 మీటర్ల పొడవు, 357 అద్దాలు, 1919 జూన్ 28న సంధిపత్రం మీద సంతకాలు జరిగిన చోటు — మన పాఠ్యపుస్తకాలు "వెర్సెయిల్స్ సంధి" అని చెప్పేది ఇదే — అని వివరాలు ఇచ్చి, అద్దాలు రాజు సంపదను చాటడానికి పెట్టినవని ముగించారు. సంపద మాట నిజమే. ఆ రోజుల్లో పెద్ద అద్దమంటే వెనీసు నగరపు గుత్త సొత్తు. దాన్ని ఛేదించడానికే ఫ్రాన్సు 1665లో సొంత అద్దాల కర్మాగారం పెట్టుకుంది. కానీ మందిరంలో నిలబడి చుట్టూ చూస్తే ఇంకొక సంగతి తెలుస్తుంది. అద్దాలు అమర్చిన కమానులు 17. వాటికి సరిగ్గా ఎదురుగా కిటికీలు కూడా 17. ఆ కిటికీలన్నీ పడమటివైపు, తోటలోకి తెరుచుకుంటాయి. అంటే ఆ అద్దాల్లో కనబడాలని వాళ్లు కోరుకున్నది తోట, తోటలోని నీరు, ఆ నీటి మీద దిగే పొద్దు. తోటను మందిరంలోకి తెచ్చుకోవడానికి చేసిన ఏర్పాటు అది. అద్దాలకు మొహం పెట్టి ఫొటో తీసుకొని, కిటికీకి వీపు చూపించి బయటికి నడిచేవారే అక్కడ నూటికి తొంభైమంది కనబడ్డారు. మీ వ్యాసం చదివి వెళ్లేవారు వారిలో చేరకూడదనే నా తాపత్రయం.

తోటను రూపొందించిన ఆంద్రే ల నోత్ర్ తోటమాలుల కుటుంబంలో పుట్టినవాడు. ప్యాలెస్ వెనుక మెట్ల మీద నిలబడి పడమటికి చూస్తే, లాతోనా కొలను, దాని అవతల పచ్చిక తివాచీ, అపోలో కొలను, ఆ వెనుక పెద్ద కాలువ — ఇవన్నీ ఒకే సరళరేఖ మీద, పక్కపక్కనే ఉన్నట్టు కనబడతాయి. నడిస్తేగాని తెలియదు. పచ్చిక తివాచీ ఒక్కటే 335 మీటర్లు. అపోలో కొలను చేరేసరికి దాదాపు కిలోమీటరు నడిచినట్టు కాళ్లు చెబుతాయి. అక్కడ మొదలయ్యే కాలువ ఇంకా 1,670 మీటర్లు సాగుతుంది. భూమి వాలునూ, కొలనుల పరిమాణాలనూ కంటికి దూరం తగ్గి కనబడేలా లెక్కవేసి పేర్చాడాయన. కాగితం మీద నేల ఎత్తుపల్లాలు చూపే కాంటూరు గీతలు గీసిన అలవాటు ఉన్నవాణ్ణి కాబట్టి, ఆ మెట్ల మీద నేను చాలాసేపు అలాగే నిలబడిపోయాను. మా ఆవిడ మాత్రం దిగి వెళ్లి, లాతోనా కొలను దగ్గరి నుంచి చెయ్యి ఊపింది. అప్పుడు గాని అది ఎంత దూరమో నాకు అర్థం కాలేదు.

ఆ లాతోనా కొలను కథ మా శాఖవారికి నచ్చుతుంది. దాహంతో వచ్చిన లాతోనా అనే తల్లిని, ఆమె ఇద్దరు పసిపిల్లలను నీళ్లు తాగనివ్వకుండా చెరువును తొక్కి బురద చేసిన పల్లీయులు కప్పలైపోయారన్నది గ్రీకు పురాణం. కొలను చుట్టూ సగం మనిషి సగం కప్పగా మారుతున్న బొమ్మలు నోళ్లు తెరిచి నీళ్లు చిమ్ముతుంటాయి. నీటిని అడ్డుకున్నవారికి ఆ శిక్ష మా చేతిలో ఉండి ఉంటే నా ఉద్యోగకాలంలో చాలా తగవులు తేలిగ్గా తెగిపోయేవి.

ఫౌంటెన్లు అన్ని రోజులూ పనిచేయవు. ఏప్రిల్ నుంచి అక్టోబరు వరకు ముఖ్యంగా శని, ఆదివారాల్లో, ఉదయం కొంతసేపు, మధ్యాహ్నం కొంతసేపు వదులుతారు. ఆ రోజుల్లో తోటకు వేరే టికెట్టు ఉంటుంది. మామూలు రోజుల్లో మూసి ఉండే పొదరిళ్లు కూడా అప్పుడు తెరుస్తారు. మేము శనివారం ప్యాలెస్ లోపలి భాగం ఉదయమే ముగించుకొని మధ్యాహ్నం తోటలోకి దిగాం, ఆదివారం మొత్తం తోటకే కేటాయించాం. టూరిస్టు బస్సుల్లో వచ్చినవారు తమ గంటన్నర అయిపోయిందని గడియారాలు చూసుకుంటూ పరుగెడుతుంటే, తోట మూసే వేళ దాకా కూర్చుని, తరువాత నెమ్మదిగా మన బండి దగ్గరికి నడిచి, మర్నాడు మళ్లీ రాగలగడమే క్యాంపర్ వ్యాను ఇచ్చే అసలైన సౌకర్యం. ప్యాలెస్ గోడ పక్కన నిద్రపోవడం కన్నా ఇది వందరెట్లు మేలు.

శనివారం మధ్యాహ్నం నేను ఒక ఉద్యోగి వెంట పడ్డాను. పొడవాటి ఇనుప తాళంచెవి లాంటిది ఒకటి పట్టుకొని, నేలలోని మూతలు తెరిచి, వాల్వులు చేత్తో తిప్పుకుంటూ పోతున్నాడాయన. ఫౌంటెన్ల దగ్గర మోటార్ల చప్పుడు వినబడదు, ఎందుకంటే మోటార్లు లేవు. ఎత్తున ఉన్న జలాశయాల్లో నిలవ చేసిన నీరు తన బరువుతో తానే గొట్టాల్లో దిగివచ్చి చిమ్ముతుంది. 17వ శతాబ్దంలో వేసిన పోత ఇనుము గొట్టాలు చాలావరకు ఇప్పటికీ వాడకంలో ఉన్నాయి. మొత్తం గొట్టాల పొడవు దాదాపు 35 కిలోమీటర్లు. చిమ్మిన నీరు వాలున జారి, తోటకు అడుగున ఉన్న పెద్ద కాలువలో కలుస్తుంది, అక్కడి నుంచి మళ్లీ పైకి తోడతారు. పంపుల అవసరం ఉన్నది ఆ చివరి పనికే. ఆ నేల నిజానికి చిత్తడి నేల. కాలువ అందానికి ఎంత ఉపయోగపడిందో నేలలో నిలిచిన నీరు లాగడానికీ అంతే ఉపయోగపడింది. ఒకే తవ్వకంతో రెండు పనులు చేసుకున్న ఆ పనివారికి ఏ డ్రైనేజీ ఇంజనీరయినా నమస్కారం పెడతాడు.

ఇంత చేసినా 14వ లూయీ కాలంలో నీరు చాలలేదు. అన్ని ఫౌంటెన్లూ ఒకేసారి వదలడానికి తగిన నీరు ఆయనకు ఎన్నడూ దొరకలేదు. అందువల్ల రాజు నడుస్తుంటే ముందున్న ఫౌంటెన్‌ను వదిలి, ఆయన దాటిపోగానే కట్టేసేవారు. పనివాళ్లు ఒకరికొకరు ఈలలతో సైగ చేసుకునేవారు. తోటను ఏ వరుసలో చూడాలో, ఎక్కడ ఆగాలో, ఏ మలుపులో వెనక్కి తిరిగి చూడాలో రాజే స్వయంగా రాసిన దారి వివరం ఈనాటికీ ఉంది. అంతటి చక్రవర్తి గైడు పని చేశాడని మనం ముచ్చటపడవచ్చు. వంతులవారీగా నీరు వదిలే మనిషిగా నాకు అందులో వేరే అర్థం తోచింది: దారి ముందే తెలిస్తేనే కదా తూముల దగ్గరివాళ్లు సిద్ధంగా ఉండగలిగేది!

ఆ కొరతను తీర్చడానికి జరిగిన ప్రయత్నాలు నాకు ప్యాలెస్‌కన్నా గొప్పగా తోచాయి. ఫ్రాన్సు దక్షిణాన రెండు సముద్రాలను కలిపే కాలువ తవ్వించిన రికే, ల్వార్ నది నుంచి వెర్సాయ్‌కి నీరు తెస్తానని ముందుకు వచ్చాడు. అప్పుడు జాఁ పికార్ అనే శాస్త్రవేత్తను పిలిపించారు. భూగోళపు పరిమాణాన్ని నిక్కచ్చిగా కొలిచిన ఆ పికారే. ఆయన నేల ఎత్తుపల్లాలు కొలిచే, దుర్భిణి అమర్చిన లెవెల్ పరికరంతో మట్టాలు తీసి, నీరు తేదలచిన చోట నది వెర్సాయ్ కన్నా పల్లంలో ఉందని తేల్చాడు. నీరు ఎత్తుకు పారదు గనుక ఆ పథకం అక్కడితో ఆగింది. కాగితం మీదనే ఆగిపోయిన పనికి ఎవరూ విగ్రహం పెట్టరు గాని, అనవసరంగా తవ్వబోయిన వందల కిలోమీటర్ల కాలువను ఒక లెవెల్ పరికరంతో ఆపిన ఆ మనిషి పేరు మీ వ్యాసంలో ఉండవలసింది. తరువాత పికార్ తదితరుల మట్టాల ఆధారంగానే, పడమటి, దక్షిణపు పీఠభూముల మీద చెరువులు, వాటిని కలిపే చిన్న కాలువలు తవ్వి, వాన నీటిని వాలున వెర్సాయ్‌కి చేర్చారు.

అదీ చాలక సేన్ నదిని పైకి ఎత్తడానికి పూనుకున్నారు. నది ఒడ్డున బూజివాల్ దగ్గర 14 భారీ చక్రాలు నీటి ఒరవడికి తిరిగేలా నిలబెట్టి, వాటి ఊపును కొండ మీదికి పొడవాటి కమ్మీల ద్వారా అందించి, రెండు వందలకు పైగా పంపులతో మూడు అంచెలుగా నీటిని 150 మీటర్లకు పైగా ఎత్తారు. 1684లో రాజు సమక్షంలో ప్రారంభమైన ఆ మార్లీ యంత్రాన్ని ఇప్పటి బెల్జియంలోని లీజ్ ప్రాంతం నుంచి వచ్చిన ఆర్నోల్ ద వీల్, రెన్నకాఁ స్వాలెమ్ అనేవారు నిర్మించారు. చుట్టుపక్కలవారు దాని రొద భరించలేకపోయేవారట. చెక్క, ఇనుము, తోలుతో చేసిన ఆ యంత్రంలో రోజూ ఏదో ఒకటి విరుగుతూనే ఉండేది. అది ఎత్తిన నీరు లూవ్సియెన్ కొండ మీది అక్విడక్టు, అంటే కమానుల మీద కట్టిన నీటి కాలువ, గుండా సాగేది. 36 కమానుల ఆ అక్విడక్టు ఇప్పటికీ నిలిచి ఉంది.

సోమవారం ప్యాలెస్ మూసి ఉంటుంది కాబట్టి మేము ఆ రోజు వ్యాను తీసి ఆ కొండవైపు వెళ్లాం. వీధులు ఇరుకు, మా బండి 6 మీటర్లు, కుమారుడికి చెమటలు పట్టాయి. నది ఒడ్డున యంత్రం లేదు. తరువాతి కాలపు కట్టడం ఒకటి మిగిలింది. అయినా నదిని, ఎదుట నిటారుగా లేచిన కొండను, పైన కమానులను ఒకే చోట నిలబడి చూస్తే ఆ మనుషుల మొండితనం కళ్లకు కడుతుంది. మా కోడలు నది ఒడ్డునే నీడలో కూర్చుండిపోయి, మీరిద్దరూ చూసి రండి, నాకు ఇక్కడినుంచి అర్థమవుతూనే ఉంది అంది.

రెండు రోజుల తరువాత ఇంకొంత దూరం, మెంతెనాఁ అనే చిన్న ఊరికి వెళ్లాం. టూరిస్టు బస్సులు సామాన్యంగా అటు పోవు. ఊరి మధ్య నదీలోయలో ఒక చక్కని కోట, దాని తోట చివర మూడు వందల ఏళ్లకు పైగా సగంలో ఆగిపోయి నిలబడ్డ కమానుల వరుస. 1685లో రాజు ఏర్ నదిని మళ్లించి వెర్సాయ్‌కి రప్పించాలని సంకల్పించాడు. కోట అధిపతి మదామ్ ద మెంతెనాఁ, రాజు రహస్యంగా పెళ్లాడిన రెండో భార్య. లోయ దాటించడానికి మూడు అంతస్తుల కమానులు కట్టాలని పథకం. వేలాది సైనికులను మట్టిపనికీ రాతిపనికీ దింపారు. చిత్తడి నేలల్లో జ్వరాలు వచ్చి పెద్ద సంఖ్యలో చనిపోయారు. 1688లో యుద్ధం వచ్చి మిగిలినవారిని సరిహద్దుకు తరలించారు. పని మొదటి అంతస్తుతోనే ఆగిపోయింది, ఏర్ నీరు ఏనాడూ వెర్సాయ్ చేరలేదు. రాళ్ల మధ్య నుంచి చెట్లు మొలిచి ఉన్నాయి. కమానుల కింద కోట కాలువ నిశ్చలంగా ఉంది. వారంలో మేము చూసిన వాటన్నిటిలో మా నలుగురికీ ఎక్కువగా గుర్తున్నది ఇదే. అద్దాల మందిరం కాదు. ఆ రాత్రి దగ్గరలోని ఒక ఊళ్లో పురపాలక సంఘం క్యాంపింగ్ బండ్ల కోసం కేటాయించిన స్థలంలో నిద్రపోయాం. మా బండి కాక మరో రెండే ఉన్నాయి.

చావుల మాట వచ్చింది గనుక ఇంకొకటి. వెర్సాయ్ నిర్మాణంలో కూలీల మరణాలు ఎంత ఎక్కువగా ఉన్నాయంటే, రాత్రివేళ శవాలను బండ్లకెత్తి తీసుకుపోతున్నారని మదామ్ ద సెవిన్యే అనే కులీన స్త్రీ 1678లోనే తన ఉత్తరంలో రాసింది. జనానికి తెలియకుండా చీకట్లో తరలించేవారన్నది ఆమె మాటల సారం. రాజుల భోగాన్ని వర్ణించేటప్పుడు ఈ బండ్లను వదిలేయడం యాత్రా వ్యాసాలకు ఆనవాయితీ అయిపోయింది. మీ వ్యాసమూ దానికి మినహాయింపు కాలేదు. నేను వెళ్లి ఆనందించి వచ్చినవాణ్ణే, తోటను తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. కానీ అక్కడ తవ్విన ప్రతి కాలువా మనుషులు తవ్విందే, వాళ్లు ఎలా బతికారో ఎలా పోయారో ఒక్క వాక్యమైనా చెప్పనిదే ఆ లెక్క పూర్తికాదు.

ఇంకా చూడవలసినవి ఉన్నాయి, క్లుప్తంగా చెబుతాను. దక్షిణపు తోట కింద మాఁసార్ కట్టిన నారింజ మందిరం ఉంది. 155 మీటర్ల పొడవున కమానుల కప్పు, మందమైన గోడలు, దక్షిణపు ఎండ, అంతే. చలికాలంలో నిప్పు పెట్టకుండానే తొట్లలోని వెయ్యికి పైగా చెట్లను కాపాడుతుంది. మేము వెళ్లిన జూన్‌లో ఆ తొట్లన్నీ ఆరుబయట వరుసలు తీరి ఉన్నాయి. చిన్న త్రియనోఁ భవనం, 16వ లూయీ రాణి మరీ ఆంత్వానెత్ కట్టించుకున్న పల్లెటూరి బొమ్మలాంటి కుగ్రామం మధ్యాహ్నం గాని తెరవరు, అక్కడికి నడక చాలా ఉంది. ఆ కుగ్రామం నాకు అంతగా నచ్చలేదు, మా ఆవిడకు ఎంతో నచ్చింది. తోటలో చెట్లు చాలావాటికి పెద్ద వయసు లేకపోవడం చూసి ఆశ్చర్యపోయినవారికి కారణం చెప్పాలి: 1999 డిసెంబరు 26న వచ్చిన పెనుతుఫాను అక్కడ వేలాది చెట్లను ఒక్క ఉదయంలో పడగొట్టింది. మళ్లీ నాటినవి ఇప్పుడిప్పుడే ఎదుగుతున్నాయి. ఒక విధంగా ఇది మేలే. ల నోత్ర్ చూసిన తోటలోని చెట్లు కూడా లేత చెట్లే, కనుక ఆయన ఉద్దేశించిన దూరదృశ్యం ముసలి చెట్ల గుబురులో కన్నా ఇప్పుడే స్పష్టంగా కనబడుతుంది.

వేసవి సెలవులకు యూరప్ ప్రయాణాలు రిజర్వు చేసుకునే రోజులు దగ్గరపడుతున్నాయి. కాబట్టి ప్యాలెస్ గోడ పక్కన రాత్రి బస చేయవచ్చునన్న వాక్యానికి సవరణను రాబోయే అనుబంధంలోనే, వ్యాసం వచ్చిన పేజీలోనే ప్రచురించాలని కోరుతున్నాను. ఎక్కడో మూలన చిన్న అక్షరాల్లో వేస్తే ఎవరి కంటా పడదు. ప్యాలెస్‌కు ఒక పూట, తోటకు ఫౌంటెన్లు వదిలే రోజున పూర్తిగా ఒక రోజు, బండి ఉన్నవారికి మార్లీ, మెంతెనాఁల కోసం ఇంకో రెండు రోజులు అని కాలపట్టిక మారిస్తే బాగుంటుంది. పాఠకుల్లో ఎవరైనా వెళ్లదలచి, ఆ చెరువులు, అక్విడక్టులు మ్యాపులో ఎక్కడున్నాయో గుర్తించి ఇమ్మంటే, నేను గుర్తులు పెట్టుకున్న మ్యాపు ప్రతిని మీ కార్యాలయానికి పంపడానికి సిద్ధంగా ఉన్నాను. కెటిల్ మాత్రం వెయ్యి వాట్లది కొనుక్కోమని వారికి చెప్పండి.

ఇట్లు,
మీ పాఠకుడు,
విశ్రాంత నీటిపారుదల ఇంజనీరు